మొదటి తెర మీద పిచ్చుక

మే 5, సోమవారం

పొడుగు అన్నంత పనీ చేశాడు. 'పందిరి కొత్త విడుదలలో డిఫాల్ట్ బ్రౌజర్ మార్పు' అని సభ్యులందరికీ మెయిల్ పెట్టాడు. పిచ్చుకని తీసేసి ఏనుగుని పెడదామట. నాకు ముందుగా ఒక్క మాట చెప్పలేదు. చెప్పాడు, నిజమే, పోయిన వారం మెట్ల మీద ఆపి చెప్పాడు. మెట్ల మీద చెప్పింది చెప్పినట్టు కాదు.

ఏనుగు అంటే ఆ పెద్ద కంపెనీ బ్రౌజర్‌కి మేము పెట్టుకున్న పేరు. కోడ్ అందరికీ ఇస్తారు కాబట్టి అదీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే, కాదనలేను. ఏ పేజీ అయినా తెరుచుకుంటుంది. దాంతోపాటు మనం ఎక్కడెక్కడ తిరిగామో కంపెనీకి మోసేస్తుంది. "ఆ మోసే ముక్క నేను కోసేస్తాగా అక్కా" అంటాడు పొడుగు. తొండం కోసేస్తే ఏనుగు ఆవైపోతుందా?

పిచ్చుక మా అన్నయ్య రాసిన బ్రౌజర్. ఈ పందిరి అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ని పదిమందీ కలిసి ఊరికే రాసి ఊరికే పంచడం మొదలుపెట్టిన రోజు నుంచీ, కంప్యూటర్ వెలగగానే మొదటి తెర మీద ఎడమ మూల పిచ్చుక బొమ్మ ఉంటోంది. ఆ బొమ్మ కూడా అన్నయ్యే గీశాడు. చూస్తే కోడిపిల్లలా ఉంటుంది. లైబ్రరీల్లోనూ, బడుల్లోనూ, ఎవరో పారేసిన కంప్యూటర్ తప్ప ఇంకోటి కొనుక్కోలేని ఇళ్ళల్లోనూ ఇంటర్నెట్ అంటే ఆ కోడిపిల్లే.

అన్నయ్య తలలో గడ్డ ఉందని పొడుక్కి తెలుసు. ఆపరేషన్ వల్ల లాభం లేదని పెద్ద డాక్టరు చెప్పిన రోజు ఆసుపత్రి వరండాలో నా పక్కన కూర్చుని ఏడ్చాడు. అంత ఏడ్చినవాడు కొన్నాళ్ళు ఆగలేడా?

నేను ఒకటే అనుకున్నాను. అన్నయ్య కళ్ళు మూసేలోపు పిచ్చుక మొదటి తెర మీంచి దిగకూడదు. ఆ తర్వాత ఎవరేం చేసుకున్నా నాకు అక్కర్లేదు.

మే 6

పొడుగు మెయిల్‌కి జవాబు రాశాను. చాలా బాగా వచ్చింది. పంపలేదు.

మే 8

కింద షెడ్డులో కుట్టుమిషన్లు ఆడుతుంటే మా గది నేల సన్నగా వణుకుతుంది. కొత్తవాళ్ళు ఉలిక్కిపడతారు, మాకు అలవాటైపోయింది.

అందరి ముందూ పొడుగు మొదలుపెట్టాడు. లైబ్రరీలో ఒకావిడ పిచ్చుకలో పింఛను దరఖాస్తు మొత్తం నింపి చివరి బటన్ నొక్కితే పేజీ తెల్లగా అయిపోయిందట. మళ్ళీ మొదటి నుంచి నింపిందట. మళ్ళీ తెల్లగా. లైబ్రరీ మూసేదాకా అదే పని.

"అన్న బాగున్నప్పుడైతే రెండ్రోజుల్లో సరిచేసేవాడు. ఇప్పుడు చూసేవాళ్ళెవరక్కా? రేపేదైనా కన్నం పడి దొంగలు దూరితే పూడ్చేదెవరు?"

"నేను పూడుస్తా."

"నువ్వు విడుదల పని చూస్తావా, పిచ్చుకని చూస్తావా, అన్నని చూస్తావా?"

"తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళని చూశాగానీ, పీక్కుపోయేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నా" అన్నాను.

పొడుగు హెడ్‌ఫోన్ల వైరు చుట్టి చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

అన్నది తప్పు కాదు. పొడుగు పాడైపోయిన లాప్‌టాప్ ఒకటి చంకలో పెట్టుకుని మా గదికి వచ్చిన రోజు నాకు గుర్తే. అన్నయ్య దాన్ని బాగుచేసి, వీణ్ణి కూడా బాగుచేశాడు. కోడ్ నేర్పాడు. ఎన్నేళ్ళు ఆ ఇంట్లో అన్నం తిన్నాడో వదిననడిగితే చెబుతుంది. అన్నయ్యకి వీడు కావాలంటే నోటితో పిలిచేవాడు కాదు. తెర మీంచి చూపు తిప్పకుండా ఒక చెయ్యి తిన్నగా పైకెత్తేవాడు, అంతెత్తు మనిషి ఏడీ అని. మాలో ఎవరో ఒకరం పొడుగుని తట్టి పంపేవాళ్ళం. ఇన్నేళ్ళలో ఆ చెయ్యి ఇంకెవరి కోసమూ లేవలేదు, నా కోసం కూడా.

మే 11, ఆదివారం

అన్నయ్య దగ్గరికి వెళ్ళాను. మంచం కిటికీ పక్కకి జరిపారు. మాటలు రోజుకి కొన్ని పోతున్నాయి. గ్లాసు కావాలంటే "అది, అది" అంటాడు. కొన్నిసార్లు ఒక మాటకి ఇంకో మాట తగులుతుంది.

"నిన్న నన్ను 'సర్వర్' అని పిలిచారు మీ అన్నయ్య" అంది వదిన. "అడిగినవన్నీ తెచ్చి ఇస్తున్నాగా, తప్పేముంది?"

ముగ్గురం నవ్వాం. అన్నయ్య కూడా నవ్వాడు, ఒక పక్క పెదవితో.

పొడుగు మెయిల్ సంగతి అన్నయ్య చెవిన పడకూడదనుకున్నాను. వదిన అప్పటికే చదివి వినిపించిందట. ఈ మనిషికి ఏది చెప్పాలో ఏది దాచాలో తెలియదు. అన్నయ్య నా చెయ్యి పట్టుకుని "పిచ్చుక... పిచ్చుక..." అన్నాడు. ఆ తర్వాతి మాట దొరకలేదు. వెతుకుతున్నాడు, దొరకట్లేదు.

"దాన్ని ఎవరూ కదపలేరన్నయ్యా. నేనున్నాగా" అన్నాను.

తల అడ్డంగా ఊపాడు. పాపం, బాగా నీరసించిపోయాడు, తల నిలపలేకపోతున్నాడు.

మే 13

పొడుగు ఫోను. అన్నయ్యని చూడ్డానికి రావచ్చా అని అడిగాడు. ఎప్పుడూ అడగనివాడు అడిగాడంటే గురువారం నాటి నా మాట తగిలిందన్నమాట.

"ఓటింగ్ అయ్యాక రా. ఇప్పుడొస్తే ఓటు అడుక్కోడానికొచ్చావనుకుంటారు" అన్నాను.

"అదీ నిజమేలే అక్కా" అన్నాడు.

నేను అతని మంచికే చెప్పాను.

మే 15

ఓటింగ్ మొదలైంది. లెక్క చూసేది మాస్టారు. బడిలో లెక్కలు చెప్పి రిటైరై మాలో చేరినాయన. సభ్యులు ఎవరి కీతో, అంటే కంప్యూటర్లో ఎవరికి వాళ్ళు దాచుకునే రహస్య సంకేతంతో, వాళ్ళు సంతకం చేసి ఓటు మెయిల్‌లో పంపాలి. ఆ కీ సంతకం ఉంటే చాలు, ఆ మనిషే వేశాడని మాస్టారు నమ్ముతారు. ఒకే కీతో రెండు ఓట్లు వస్తే చివరిదే లెక్క. ఆ నియమం రాసింది అన్నయ్య. అప్పట్లో అందరూ కాదన్నారు. "మనిషన్నాక మనసు మార్చుకోడానికి సందు ఉండాలి" అని పట్టుబట్టి పెట్టించాడు.

నా ఓటు వేసేశాను.

మే 19

వాన. పని. ఎవరితోనూ మాట్లాడలేదు.

మే 22

ఎవరు ఎటో అంచనా వేస్తున్నాను. పైకి అందరూ "అన్నగారి పిచ్చుక" అని కళ్ళు తుడుచుకుంటారు. లోపల ఎవరి లైబ్రరీ వాళ్ళది, ఎవరి బడి వాళ్ళది. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం అన్నట్టు తిరుగుతున్నారు. నా లెక్కలో రెండు వైపులా సమానంగా వస్తోంది. మాస్టారిని ఊరికే కదిపి చూశాను. "పరీక్ష పేపరు ముందే చూపించే అలవాటు నాకు లేదమ్మా" అన్నారు.

అన్నయ్య ఓటు ఎలాగూ పడదు. అదే నన్ను తినేస్తోంది. తన సొంత పిచ్చుకకి తన ఓటు లేకపోవడం.

మే 24, శనివారం

ఓటింగ్ ఆఖరి రోజు.

మధ్యాహ్నం వెళ్ళాను. వదిన మందుల షాపుకి వెళ్ళింది. అన్నయ్య మెలకువగానే ఉన్నాడు. "ఓటు వేశావా అన్నయ్యా?" అని అడిగాను. కిటికీ వైపు చూశాడు. వేయలేదనే కదా దానర్థం. లాప్‌టాప్ పట్టుకోలేని మనిషి ఎలా వేస్తాడు?

అన్నయ్య కీ నా దగ్గర ఉంది. జబ్బు మొదలైనప్పుడు తనే ఇచ్చాడు. పిచ్చుకకి ఏదైనా చిన్న మరమ్మతు వస్తే తన పేరు మీద నన్ను సంతకం చెయ్యమని. మరమ్మతుకి వాడొచ్చు, బతికించడానికి వాడకూడదా? పెన్ను పట్టుకోలేనివాడి చేతికి పక్కనున్న చెల్లెలు ఆసరా ఇవ్వదా?

మంచం పక్కన కుర్చీలో కూర్చుని వేశాను. పిచ్చుకకి. అన్నయ్య నన్నే చూస్తున్నాడు. తెర అటువైపు ఉంది కాబట్టి ఏం చేస్తున్నానో కనబడి ఉండదు. "ఆఫీసు పని" అన్నాను.

వదిన వచ్చాక టీ తాగి వచ్చేశాను. టీ బాగుంది.

మే 25

గెలిచాం. ఒక్క ఓటు తేడాతో.

ఎవరి ఓటు ఎటో పేర్లతో, తేదీలతో సహా మాస్టారు అందరికీ పంపారు. పొడుగు తన కుర్చీలో కూర్చుని ఆ జాబితా చూస్తూ ఉండిపోయాడు. అన్నయ్య పేరు దగ్గర ఆగాడని నాకు ఇక్కణ్ణుంచే తెలుస్తోంది. తర్వాత లేచి వచ్చాడు. "అక్కా, అన్నకి చెప్పు, పిచ్చుకతోనే కొత్త పందిరి డిస్కు నేనే తయారుచేస్తా, గొడవేం లేదు" అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. టీ అలాగే వదిలేసి వెళ్ళిపోయాడు.

సాయంత్రం మాస్టారు ఫోన్ చేశారు.

"నీకు కాబట్టి చెప్తున్నానమ్మా, బయటికి పోనివ్వకు. మీ అన్నయ్య భలే మనిషి. మొదటి రోజు పొద్దున్నే అందరికంటే ముందు ఆయన ఓటే వచ్చింది. ఏనుక్కి! తన బిడ్డని తనే దింపేయమన్నాడే అని నాకు కన్నీళ్ళొచ్చాయి. తీరా నిన్న మళ్ళీ పిచ్చుకకి మార్చాడు. మనసొప్పలేదు కాబోలు. ఆ నియమం పెట్టిందీ ఆయనే, వాడుకుందీ ఆయనే."

"అవునండీ" అన్నాను.

అదే రోజు

అన్నయ్యకి మతి సరిగ్గా లేదు. గ్లాసుని 'అది' అంటాడు, వదినని సర్వర్ అంటాడు. ఒక పేరు బదులు ఇంకో పేరు పెట్టి పంపి ఉంటాడు. మామూలుగా ఉన్నవాళ్ళే పొరపాట్లు చేస్తారు.

నేను సరిదిద్దాను, అంతే.

మే 26

ఓటుకి ముందు అన్నయ్య రాసిన మెయిల్ ఏదైనా ఉందేమో చూద్దామనుకున్నాను. చూడలేదు.

రేపు మాస్టారికి చెప్తాను.

మే 27

మాస్టారు ఆఫీసుకి రాలేదు.

మే 28

మాస్టారు వచ్చారు.

జూన్ 2

పొడుగు ఫోన్ చేశాడు. చాలాసేపు డిస్కు గురించి మాట్లాడాడు. పెట్టేయబోతూ, "అన్నకి నామీద కోపమా అక్కా?" అన్నాడు.

"ఆయనకి కోపం తెచ్చుకునే ఓపిక ఎక్కడుంది?"

"అది కాదు. అంత ఓపిక లేని మనిషి ఆఖరి రోజు లేచి మరీ ఓటేశాడంటే... నేను ఎంత బాధపెట్టి ఉంటాను. ఒక్కసారి వచ్చి కాళ్ళు పట్టుకుని పోతా."

"ఇప్పుడొద్దు. డాక్టరు ఎవర్నీ రానివ్వద్దన్నాడు."

డాక్టరు ఎక్కువమందిని రానివ్వద్దన్నాడు. రెండింటికీ పెద్ద తేడా లేదు. వాడొచ్చి కాళ్ళ మీద పడి ఏడిస్తే అన్నయ్య తట్టుకోగలడా? అన్నీ ఆలోచించాలి నేను.

జూన్ 6

అన్నయ్యకి ఇక మాటలు లేవు. కళ్ళున్నాయి, కుడిచెయ్యి కొంచెం ఉంది. ఇవాళ నేను వెళ్ళేసరికి ఆ చెయ్యి తిన్నగా పైకెత్తి ఉంది. వేళ్ళు వణుకుతున్నాయి. వదిన, "ఫ్యాన్ ఆపమంటున్నారు, పొద్దుట్నుంచీ ఇదే గోల" అంటూ ఆపేసింది. మళ్ళీ ఎత్తాడు. వేసింది. మళ్ళీ ఎత్తాడు. నావైపు చూస్తూ ఎత్తాడు.

"స్పీడు తగ్గించి చూడు వదినా" అన్నాను.

తగ్గించింది. అన్నయ్య చెయ్యి దించి గోడవైపు తిరిగాడు.

జూన్ 7

ఎండలు మండిపోతున్నాయి. ఇలాంటి ఎండలో ఫ్యాన్ వద్దంటాడేమిటో. ఇవాళ కూడా ఎత్తాడట. వదిన చెప్పింది. జబ్బు మనుషులకి చలీ వేడీ తెలియవని ఎక్కడో చదివాను.

జూన్ 9

కొత్త పందిరి డిస్కు తయారైంది. అన్నయ్య చూడాలని లాప్‌టాప్ తీసుకెళ్ళాను. ఆన్ చేసి మంచం మీద పెట్టాను. మొదటి తెర, ఎడమ మూల, మన కోడిపిల్ల. "చూశావా? ఎక్కడికీ పోలేదు. ఎప్పట్లాగే ఉంది" అన్నాను.

అన్నయ్య ఏడ్చాడు. సంతోషంతో. శబ్దం లేకుండా నీళ్ళు అలా చెవుల్లోకి కారిపోయాయి. తర్వాత ఆ ఒక్క చెయ్యి లాప్‌టాప్ మూత మీద వేసి కిందికి నొక్కాడు. చాలాసేపు పట్టింది. మూత పడేదాకా నొక్కాడు. వెలుతురు కళ్ళలో పడినట్టుంది.

వదిన నావైపు అదోలా చూసింది. ఆవిడకి నిద్ర చాలట్లేదు.

జూన్ 12

విడుదల చేశాం. లైబ్రరీలకీ, బడులకీ, మొగుళ్ళు కొడితే పారిపోయి వచ్చిన ఆడవాళ్ళని దాచే ఆ వసతి గృహానికీ డిస్కులు వెళ్ళిపోయాయి. ఆఫీసులో చప్పట్లు కొట్టారు. పొడుగు కూడా కొట్టాడు.

జూన్ 14

అన్నయ్య పోయాడు.

జూన్ 17

నిన్న వాళ్ళింట్లో అందరూ చేరారు. ఏడ్వడం నా వల్ల కాలేదు. ఏడ్చేవాళ్ళకి మంచినీళ్ళు అందించడం నా పనైపోయింది.

మాస్టారు లేచి మాట్లాడారు. అన్నయ్య ఆఖరి ఓటు గురించి. మంచం మీంచి లేవలేని స్థితిలో కూడా ఆ మనిషి తన పిచ్చుక కోసం ఓటు వేశాడనీ, పందిరి ఉన్నన్నాళ్ళూ ఆ ఒక్క ఓటు గుర్తుంటుందనీ చెప్పారు. మాట్లాడుతూ ఒకసారి నావైపు చూశారు. ఆయనేదో మామూలుగానే చూసి ఉంటారు. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు నేను కొంగు సర్దుకున్నాను. ఈ విడుదలని అన్నయ్యకి అంకితం ఇద్దామని ఎవరో అన్నారు. 'తన చివరి ఓటుతో పిచ్చుకని నిలిపిన మనిషికి' అని రాయాలట. ఆ వాక్యం బాగుందా అని నన్నే అడిగారు. బాగుందన్నాను.

పొడుగు లోపలికి రాలేదు. గేటు అవతల చెప్పులు విడిచి, చెప్పుల పక్కనే నిలబడ్డాడు. అంత పొడుగు మనిషి గేటు కంటే పైకి కనబడుతూనే ఉన్నాడు. రమ్మని ఎవరూ పిలవలేదు. పిలవాల్సిన దాన్ని నేనే. నీళ్ళు అందిస్తున్నాను.

జూన్ 18

వదినకి సాయానికి వెళ్ళాను. స్టూలెక్కి ఫ్యాన్ రెక్కలు తుడుస్తోంది. తలనొప్పిగా ఉందని చెప్పి వచ్చేశాను.

జూన్ 21, శనివారం

పిచ్చుక చిరునామాకి పొడుగు మెయిల్. అన్నయ్య పోయాక ఆ పెట్టె చూసేది నేనే అని తెలిసి కూడా పద్ధతి ప్రకారం అన్నయ్య పేరుతోనే మొదలుపెట్టాడు. కన్నం దొరికిందట. మా ఆచారం ప్రకారం కన్నం కనబడితే ముందు దాన్ని చూసుకునే మనిషికి ఒక్కడికే చెప్పాలి, పూడ్చేదాకా బయట ఎవరికీ చెప్పకూడదు. మంచి ఆచారమే, చూసుకునే మనిషంటూ ఉంటే.

కన్నం చిన్నది కాదు. పిచ్చుకలో ఒక పేజీలో కొట్టిన అక్షరాలని పక్కన తెరిచి ఉన్న ఇంకో పేజీ దొంగతనంగా చదివేయగలదు. పాస్‌వర్డులైనా, ఇంటి అడ్రసులైనా. నేను వెంటనే ఆ వసతి గృహం గురించే ఆలోచించాను. అక్కడ దాక్కున్న ఏ మనిషైనా పుట్టింటికి మెయిల్ రాస్తూ పక్కన ఏదో పాటల పేజీ తెరుచుకుని ఉంటే చాలు.

పొద్దున్నుంచీ కూర్చున్నాను. అన్నయ్య కోడ్ నాకు చదవడం వచ్చు. ఒకచోట అతుకు వేస్తే ఇంకోచోట చిరుగుతోంది. నేను పూడుస్తానని అందరి ముందూ అన్నది నేనే కదా.

జూన్ 22

ఇవాళ కూడా రాలేదు.

సాయంత్రం వదిన దగ్గరికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో తెలియదు. వంటింట్లో నేల మీద కూర్చున్నాం. "పిచ్చుకకి ఏదో కన్నం పడింది వదినా, నావల్ల కావట్లేదు" అన్నాను.

"అదేనా? మీ అన్నయ్య కూడా ఆ మాటే అనేవారు" అంది. "మాటలు పోకముందు. కన్నం పడింది, పూడ్చలేకపోతున్నా, బుర్ర పనిచేయట్లేదు అని ఒకటే గొణుగుడు. ఆ పొడుగోడు మెయిల్ పెట్టాక చదివి వినిపించానా, ఎంత తేలికపడ్డారో. పోన్లే, వీడైనా ధైర్యం చేశాడు అన్నారు. అన్నారంటే, ఒక్కో మాటా ఏరుకుని ఏరుకుని. ఓటు మొదలైన రోజు పొద్దున్నే లేపమన్నారు. లాప్‌టాప్ నేను పట్టుకున్నా, ఆయన వేలితో కొట్టారు. ఏనుక్కేగా అండీ అని మూడుసార్లు అడిగా. ప్రతిసారీ తలూపారు. తర్వాత ఒక మాట అన్నారు. పూర్తిగా అన్న ఆఖరి మాట అదే అనుకుంటా. 'దిక్కులేని దాన్ని జనం నెత్తిన పెట్టకూడదు' అన్నారు."

వదిన నావైపు తిరిగింది.

"తీరా చూస్తే పిచ్చుకే గెలిచిందన్నావ్. ఆయన ఓటు కూడా దానికే పడిందని మాస్టారన్నారు. నాకీ కంప్యూటర్ల గొడవ తెలీదుగా, నేనే తప్పు బటన్ నొక్కానేమో అనుకుని కుమిలిపోతున్నా. నువ్వు చూపించడానికి తెచ్చిన రోజు ఆయన ఏడుస్తుంటే నాకు ప్రాణం పోయింది. ఆయన ఆఖరి పని నా చేత్తో పాడుచేశానా? నువ్వైనా చెప్పు, నేనేం తప్పు నొక్కాను?"

ఇన్ని రోజులుగా ఈ మనిషి ఆ బరువు మోస్తోంది. ఆ బరువు నాది.

చెప్పాను. నువ్వేం తప్పు చేయలేదు వదినా, ఆయన ఓటు మీద నేను ఓటు వేశాను అని చెప్పాను. వదిన తిడుతుందనుకున్నాను. లేచి వెళ్ళి పంపు తిప్పి గిన్నెలు కడగడం మొదలుపెట్టింది. కడిగినవే మళ్ళీ కడిగింది. నేను వచ్చేస్తుంటే వెనక్కి తిరగలేదు.

అన్నయ్య ఏడ్చింది సంతోషంతో కాదు. తల అడ్డంగా ఊపింది నీరసంతో కాదు. నాకు అప్పుడే తెలుసు. తెలుసనే తెలియనట్టు రాసుకున్నాను.

జూన్ 23

విడుదల వెనక్కి తీసుకున్నాను. పందిరి వాడేవాళ్ళందరికీ 'పిచ్చుక వాడకండి' అని నా పేరుతో మెయిల్ పంపాను. వసతి గృహానికి నేనే స్వయంగా వెళ్ళి వాళ్ళ కంప్యూటర్ల నుంచి దాన్ని తీసేశాను. ఈ పది రోజుల్లో ఎవరైనా ఏదైనా చదివేశారా అని అక్కడి మేడమ్ అడిగింది. తెలియదన్నాను. తెలుసుకునే దారి లేదు కూడా. వరండాలో ఒకమ్మాయి నన్ను చూడగానే గది తలుపు వేసుకుంది. కొత్తవాళ్ళు ఎవరొచ్చినా అంతేనట.

మాస్టారి ఇంటికి వెళ్ళి చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. "ఎన్నేళ్ళుగానో కీ ఉంటే మనిషి ఉన్నట్టే అనుకున్నానమ్మా" అన్నారు. ఫలితం రద్దు చేసి కారణం అందరికీ రాస్తానన్నారు. నా పేరు దాచొద్దన్నాను. దాచే ఉద్దేశం ఆయనకి ఎలాగూ లేదు.

ఇక పొడుగు ఒక్కడే మిగిలాడు. అందరికంటే ముందు చెప్పాల్సినవాణ్ణి ఆఖరికి వదిలాను.

జూన్ 24

పొడుగు ఉండేది ఒక్క గది. మంచానికి అతను సరిపోక కాళ్ళ దగ్గర కుర్చీ వేసుకుని పడుకుంటాడని అన్నయ్య వేళాకోళం చేసేవాడు. ఆ కుర్చీ ఇంకా అక్కడే ఉంది. దాన్ని లాగి నన్ను కూర్చోమన్నాడు. మాస్టారి మెయిల్ ఇంకా రాలేదు. అందుకే అంత మర్యాదగా కూర్చోబెట్టాడు.

మొత్తం చెప్పాను. అన్నయ్య ఓటు అతని వైపే పడిందని, అందరికంటే ముందు పడిందని, వీడైనా ధైర్యం చేశాడు అన్నాడని. ఆ తర్వాత నేను చేసింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకుని వచ్చావా అని అంటాడేమో అని చూశాను. అంటే బాగుండేది. గోడకి ఆనుకుని అలాగే కిందికి జారి నేల మీద కూర్చున్నాడు. మోకాళ్ళు అతని తలంత ఎత్తుకి వచ్చాయి.

"ఆయన నన్ను కాదనుకునే పోయాడని... నేను గేటు బయటే నిలబడ్డానక్కా" అన్నాడు.

"తెలుసు."

"లోపలికొచ్చే మొహం లేదనుకున్నా."

"తెలుసు. చూశాను."

మొహం రెండు చేతుల్తో కప్పుకున్నాడు. పెద్దగా ఏడ్చాడు. అన్నయ్య పోయిన రోజు నాకు రాని ఏడుపంతా కలిపి అక్కడ వచ్చింది. ఓదార్చే హక్కు నాకు లేదు కాబట్టి కుర్చీలోనే కూర్చుని ఏడ్చాను.

కాసేపటికి చొక్కాతో మొహం తుడుచుకున్నాడు. నావైపు చూడకుండా అడిగాడు.

"పోయేముందు నన్ను... నన్నేమైనా అడిగాడా?"

లేదని చెప్పొచ్చు. లేదంటే అతనికి తేలిగ్గా ఉంటుంది, నాకూ తేలిగ్గా ఉంటుంది. మాటలు పోయిన మనిషి ఏం అడుగుతాడు అనొచ్చు.

కుడిచెయ్యి తిన్నగా పైకెత్తి చూపించాను. అన్నయ్య ఎత్తినట్టే.

పొడుగు నా చెయ్యి వైపు చూశాడు. ఇన్నేళ్ళుగా ఆ చెయ్యి లేస్తే కుర్చీ లోంచి లేచి వెళ్ళిన మనిషి. ఇప్పుడు కూడా సగం లేచాడు.

"ఎప్పుడు?"

"ఓటింగ్ అయ్యాక. చాలాసార్లు."

"మరి మీరేం చేశారక్కా?"

"ఫ్యాన్ ఆపాం" అన్నాను.